మూడు తెప్పలకూ ఒకే ‘పెట్టు’

1వ రోజు

మూడు తెప్పల్నీ కలిపి ఒకటి చేసే కూడిక పని నాకే వచ్చింది! వచ్చిందనడం కూడా అబద్ధమే, సభలో లేచి నిలబడి నేనే లాక్కున్నాను. ఇంటికొచ్చి అరగంటైనా ఒకచోట కూర్చోలేదు, అంత సంబరంగా ఉంది.

ముందు నేనెవరో రాసిపెట్టాలి. పోలిశెట్టి మంగతాయారు, యాభై మూడేళ్ళు, నోరు కాస్త పెద్దది. సముద్రం మీద మేం ఇళ్ళేసుకుని బతికే మూడు తెప్పల మీదా నడిచే యంత్రాలన్నిటికీ అడుగున ఒకే కెర్నెల్ ఉంది. దాని ఆలనా పాలనా నాది. పైనున్న ప్రోగ్రాములకు ఏం కావాలన్నా కెర్నెల్‌నే అడగాలి, చిప్పుతో నేరుగా మాట్లాడేది అదొక్కటే.

సభలో జరిగింది ఇది. తెప్పల పెద్ద కర్రి సూర్యారావుగారు లేచి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చెప్పేశారు. "పోయిన గాలుల్లో చిన్న తెప్ప తాళ్ళు రెండుసార్లు తెగాయి. ఈసారి తెగితే మనుషులే పోతారు. గాలుల కాలం రావడానికి ఇంకో ఇరవై నాలుగు రోజులుంది. ఈలోగా మూడు తెప్పల్నీ కొక్కేలతో బిగించి ఒకటి చెయ్యగలిగితే సరే. లేదంటే చిన్న తెప్పలో ఉన్న మూడువందల పన్నెండు మందినీ పెద్ద తెప్ప మీదకి ఎక్కించేసి, దాన్ని సముద్రానికి వదిలేద్దాం."

నూకరత్నం ఊరుకుంటుందా? చిన్న తెప్పలో నీటి తొట్ల కాపరి ఆవిడ. తెప్ప కడుపులో ఉన్న తొట్లలోకి సముద్రపు నీళ్ళు పట్టి, వదిలి, తెప్ప ఒక పక్కకి ఒరగకుండా చూస్తుంది.

"వదిలేద్దామంటే ఎలాగండీ?" అంది. "నేను పుట్టింది అక్కడ, నా పిల్లలు పుట్టింది అక్కడ. ఈ వయసులో వచ్చి మీ వసారాల్లో చాపలేసుకుని పడుకోమంటారా?"

"మరేం చెయ్యమంటావమ్మా? కూడికకి రెండుసార్లు ప్రయత్నించాం, రెండుసార్లూ తెప్పలు గుద్దుకున్నాయి."

"గుద్దుకోవూ మరి!" అన్నాను నేను. గట్టిగానే అన్నట్టున్నాను, అందరూ ఇటు తిరిగారు. "మూడు తెప్పల్లో మూడు జాతుల చిప్పులు. ఒకే మాట చెబితే మూడూ మూడు రకాలుగా వింటున్నాయి. ఆ అడుగు సరిచెయ్యకుండా పైన ఎన్ని ప్రోగ్రాములు రాసినా ఇంతే. నేను చేస్తాను."

అనేశాను. ఇక చెయ్యాలి.

2వ రోజు

పొద్దున్నే నడిమి తెప్ప నుంచి దడాల ఇశ్రాయేలు పడవలో దిగాడు, సంచిలో వాళ్ళ చిప్పు బోర్డు పెట్టుకుని. అక్కడి యంత్రాల మంచీ చెడ్డా అతనిదే. నూకరత్నం చిన్న తెప్ప బోర్డు పంపింది. పెద్ద తెప్పది నా దగ్గరే ఉంది. ముందు మూడింటికీ ఉప్పు తుడిచాం. ఇక్కడ ఏ పని మొదలుపెట్టాలన్నా ఉప్పు తుడవాల్సిందే.

వాల్వు తిప్పడమంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మెమొరీలో ప్రతి వాల్వుకూ ఒక గది ఉంటుంది. ఆ గదిలో అంకె పెడితే వాల్వు అంతమేర తెరుచుకుంటుంది. అంకె పెట్టే పనికి కెర్నెల్‌లో ‘పెట్టు’ అని పేరు. గదిలో ఏముందో తెచ్చి చెప్పేదాని పేరు ‘చూడు’. ఈ రెండు పేర్లూ మూడు తెప్పల్లోనూ ఉన్నాయి, అందుకే ఇన్నాళ్ళూ అందరూ ఒకటే అనుకున్నారు.

నాలుగు వరుసల ప్రోగ్రాము రాసి మూడు బోర్డుల మీదా నడిపాను. మొదట ఒకటో వాల్వు, తర్వాత రెండో వాల్వు, అంతే.

పెద్ద తెప్ప చిప్పు బుద్ధిగా చెప్పిన వరుసలో చేసింది. నడిమి తెప్ప చిప్పు రెండోది ముందు తిప్పి, ఒకటోది తర్వాత తిప్పింది. చిన్న తెప్ప చిప్పయితే అంకెల్ని తలకిందులుగా దాచుకుంటుంది, మనం ముందు రాసే సగం దానికి వెనక సగం.

"చూశావా నీ చిప్పు తెలివి?" అన్నాను.

"తెలివే కదండీ తాయారుగారూ," అన్నాడు ఇశ్రాయేలు ఏమాత్రం సిగ్గుపడకుండా. "దానికి ఖాళీగా నిలబడటం చేతకాదండి. ఏ పని ముందు తెమిలితే అది చేసేస్తుంది, మా ఆవిడలాగ."

"మీ ఆవిడ గంజి వార్చాక బియ్యం కడుగుతుందా?"

"అయ్ బాబోయ్, ఈ మాట ఆవిడ దగ్గర అనకండి!"

నవ్వుకున్నాం గానీ, గుట్టు మొత్తం ఇక్కడే ఉంది. వెనకటి వాళ్ళు ఈ తేడాల్ని అడుగున సరిచెయ్యలేదు. పైన డ్రైవర్లు, అంటే ఒక్కో యంత్రాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు, రాసినవాళ్ళు ఎవరికి వాళ్ళు అతుకులు వేసుకున్నారు. నలభై ఏళ్ళ అతుకులు! నాకైతే ఆకలేసినవాడికి విస్తరి కనిపించినట్టుంది.

5వ రోజు

మూడు రోజులు ఇశ్రాయేలుతో పోట్లాట. పెద్ద తెప్ప పద్ధతే అందరికీ పెడదామని నేను, అలా చేస్తే మా చిప్పు నత్తలా నడుస్తుందని అతను. అతని మాటలోనూ న్యాయముంది, ఒప్పుకోవడానికి రెండు పూటలు పట్టింది నాకు.

చివరికి ఒప్పందం ఇది. ‘పెట్టు’ అంటే చెప్పిన వరుసలోనే వెళ్ళాలి, అది తిరిగొచ్చేసరికి అంకె వాల్వుకి చేరి ఉండాలి. తొందర పనులకి వేరే పేరు, ‘విసురు’. అంటే పంపించాం, ఎప్పుడు చేరుతుందో మాటివ్వం. ఇంతకుముందు ‘విసురు’ నడిమి తెప్పలోనే ఉండేది, అక్కడ రాసిన ప్రోగ్రాము ఇంకో తెప్పలో అసలు లేచేదే కాదు. ఇకమీదట అన్ని పేర్లూ అన్ని చోట్లా ఉంటాయి, ప్రతి పేరుకీ ఒక్కటే అర్థం.

నూకరత్నం తన పని వరుస కాగితం మీద రాసి పంపింది. వాల్వు తిప్పాలి, మీటరు చూడాలి, అంకె కేకెయ్యాలి, అవతలి మనిషి ‘ఆ’ అనాలి, అప్పుడు రెండో వాల్వు. కూడిక ప్రోగ్రాములో మొదటిది ఉంచుకుని మిగతావి కొట్టేశాను. యంత్రానికి కేకలెందుకు?

9వ రోజు

ఈ రోజు తిట్లు తిన్నాను. తినాల్సినవే.

చిన్న తెప్ప చిప్పు తలకిందుల వ్యవహారం ‘పెట్టు’ లోపలే సరిచేసి, ఏడో తొట్టి మీద పరీక్ష పెట్టాం. వాల్వుని ఒక్క వీసం, అంటే మీటరు మీద ఒక్క చిన్న గీత, తెరవమని తొట్ల గదిలో మనిషికి చెప్పాను. ఒక్కటి! అది రెండువందల యాభై ఆరు వీసాలు తెరుచుకుంది. నీళ్ళు గొట్టంలోంచి ఎగజిమ్మి, పైన ఆరబెట్టిన చేపల్ని, చేపలు తిప్పుతున్న ముసలమ్మల్ని, ఎవర్నీ వదలకుండా తడిపేశాయి.

నూకరత్నం కొంగు పిండుకుంటూ వచ్చింది. "తాయారుగారూ, మా తెప్పని గాలి ముంచుతుందనుకున్నామండి. మీరే ముంచేసేలా ఉన్నారే!"

"ఒక్క నిమిషం ఆగమ్మా, ఎందుకో తెలిసిపోయింది!" అని నేను గంతులేస్తున్నాను. ఆవిడకి ఒళ్ళు మండిపోయి ఉంటుంది.

కారణం చాలా చిన్నది. అడుగున ‘పెట్టు’ తలకిందులు చేస్తోందని ఎప్పుడో ఎవరో కనిపెట్టి, పైన డ్రైవర్లోనూ ఒకసారి తలకిందులు చేశారు. రెండు తప్పులూ కలిసి ఇన్నాళ్ళూ ఒప్పుగా నడిచాయి. నేను అడుగుది సరిచేశాను, పైది అలాగే ఉంది. ఒకటి కాస్తా తిరగబడి రెండువందల యాభై ఆరు అయ్యింది.

అలాంటి డ్రైవర్లు నలభై ఒకటి తేలాయి. ఈ రాత మొదలుపెట్టేసరికి ఇరవై సరిచేశాను.

13వ రోజు

గెలిచాం! అని రాసి, మళ్ళీ కొట్టేయాల్సి వచ్చింది.

పొద్దున నూకరత్నం తొట్ల గదిలో వాల్వుల బల్ల దగ్గర కూర్చుని ముప్పై రెండు వాల్వులూ ఒక్కొక్కటే తిప్పింది. ముప్పై రెండూ తిరిగాయి. నేను ఇశ్రాయేలు వీపు మీద చరిచిన చరుపుకి పాపం దగ్గొచ్చింది. సూర్యారావుగారికి కబురు పెట్టాం. ఆయన వచ్చారు. ఇప్పుడు మనిషి చెయ్యి పడకుండా ప్రోగ్రాము తనంతట తాను నడవాలి. మీట నొక్కాను.

ఇరవై ఎనిమిది తిరిగాయి. చివరి నాలుగూ తిరగలేదు.

సూర్యారావుగారు వెనక్కి తిరిగి పడవెక్కేశారు. ఆయన వెళ్ళాక నూకరత్నం ఏమైందో చూద్దామని బల్ల దగ్గరికి వచ్చి మీటర్ల వైపు ఒంగి చూసింది. ఆ నాలుగు వాల్వులూ టకటకా తిరిగిపోయాయి! మళ్ళీ మొదటి నుంచి నడిపాం. మళ్ళీ నాలుగు ఆగాయి. ఆవిడ వచ్చింది. తిరిగాయి.

"ఆవిడంటే భయమండి వాటికి," అన్నాడు ఇశ్రాయేలు. నవ్వలేదు ఎవరూ.

సాయంత్రం ఇంకో కబురు. సముద్రంలో అప్పుడే వాయుగుండం పట్టింది. ఇరవై నాలుగు రోజులనుకున్నది పంతొమ్మిదే. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నానికి కొక్కేలు బిగియకపోతే చిన్న తెప్ప తాళ్ళు కోసేస్తారు.

15వ రోజు

రెండు రోజులు నా కోడ్ అంతా వరుస వరుసా చదివాను. తప్పు లేదు. చిప్పు పుస్తకం చదివాను. చిన్న తెప్ప చిప్పు ‘పెట్టు’ నుంచి తిరిగొస్తే అంకె బయటికి వెళ్ళిపోయినట్టేనని స్పష్టంగా ఉంది. మరి ఎక్కడికి వెళ్తోంది?

నూకరత్నం తనకి తోచిన దారి చెప్పింది. "కూడిక నాడు నేనే కూర్చుని తిప్పేస్తానండి," అంది. కానీ ఆవిడ ఎంత చురుకైనా నిమిషానికి మూడు వాల్వులు. అలల మీద మూడు తెప్పల అంచులూ సమంగా నిలిచేది ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లలో ముప్పై రెండూ తిరగాలి. ఈ లెక్క చెప్పేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ ముందు ఆపుకున్నాను.

16వ రోజు

దొరికింది! ఓర్నాయనో, దొరికింది!

కోడ్ పక్కన పెట్టేసి, పొద్దుట్నుంచీ నూకరత్నం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆవిడ చేతులే చూస్తున్నాను. వాల్వు తిప్పుతుంది, చెయ్యి దానంతట అదే మీటరు బొత్తాం మీదికి వెళ్తుంది, "పద్నాలుగు!" అని కేకేస్తుంది, అవతల తొట్టి గట్టు మీద నించున్న మనిషి "ఆ!" అంటుంది. అప్పుడుగానీ రెండో వాల్వు జోలికి పోదు.

"ఆ మీటరు చూడకుండా తిప్పవా?" అన్నాను.

"అలా ఎలా తిప్పుతానండీ? చెప్పాక చూడాలి కదా. మా తెప్పలో ఎవరూ తిప్పరు. చిన్నప్పుడు చూడకుండా తిప్పితే చేతి మీద దెబ్బేసేవోరు."

"ఒక్కసారి చూడకు."

ప్రయత్నించింది. వాల్వు తిప్పీ తిప్పగానే చెయ్యి బొత్తాం మీద ఉంది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అంతే. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, ఆవిడ బదులు నేను తిప్పాను. వాల్వు కదల్లేదు. నిమిషం చూశాం. కదల్లేదు. అప్పుడు నేనే మీటరు బొత్తాం నొక్కాను. గిర్రున తిరిగింది!

మీటరు బొత్తాం నొక్కడమంటే ఏమిటి? అడుగున ‘చూడు’. చిప్పుకీ వాల్వులకీ మధ్య గోడలో ఒక పాత వంతెన బోర్డు ఉంది, చిప్పు పుస్తకంలో దాని ఊసే లేదు. అది వచ్చిన అంకెల్ని నాలుగు దాకా కడుపులో దాచుకుంటుంది. ఐదోది వస్తే ఒకటి వదుల్తుంది. ఎవరైనా ‘చూడు’ అని అడిగితే మాత్రం, జవాబు తెచ్చేముందు కడుపులో ఉన్నవన్నీ కక్కేయాలి. నలభై ఏళ్ళుగా ఈ తెప్పని నిలబెట్టింది వీళ్ళ చూసే అలవాటు! యంత్రానికి కేకలెందుకని నేను కొట్టేసింది సరిగ్గా దాన్నే. నా తలకాయ నేనే మొట్టుకున్నాను, నిజంగానే, ఇశ్రాయేలు సాక్షి.

ఇంత గోలలో నూకరత్నం చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయని ఆలస్యంగా గమనించాను.

"మా నాన్న అబద్ధం ఆడలేదన్నమాట," అంది.

వాళ్ళ నాన్న ధనకొండ ఆవిడకంటే ముందు తొట్ల కాపరి. ఒక గాలివానలో తెప్ప ఒరిగిపోయి పదకొండు ఇళ్ళు నీళ్ళలోకి జారిపోయాయి. వాల్వు తిప్పాననే చెప్పాడట ఆయన. ఎవరూ నమ్మలేదు, కాపరి పని తీసేశారు.

"ఆ రోజు కేకలెయ్యడానికి టైము లేదు, తిప్పుకుంటూ పొమ్మన్నారటండి పైనుంచి," అంది. "మీటరు చూడనివ్వలేదు. పోయేదాకా అదే మాట చెప్పేవోడు. నేను కూడా... నేను కూడా లోపల నమ్మలేదండి."

పాత చిట్టా తెరిచాను. ‘చేతి తప్పు’ అని ఉంది. కొట్టేసే అధికారం నాకు లేకపోయినా కొట్టేశాను. ‘వంతెన బోర్డు తప్పు, కాపరి వాల్వు తిప్పాడు’ అని రాసి, కింద నా పేరు పెట్టాను. ఎవరేమంటారో అననీ.

17వ రోజు

చిన్న తెప్ప ‘పెట్టు’లో చివర ఒక ‘చూడు’ చేర్చాను. ముప్పై రెండుకి ముప్పై రెండూ తిరిగాయి. కానీ ఆ వంతెన జవాబు తేవడానికి ప్రతిసారీ సెకను పైనే తీసుకుంటోంది. మొత్తం ముప్పై ఆరు సెకన్లు. మనకున్నది ఇరవై.

"ముప్పై రెండుసార్లు ఎందుకండీ చూడటం?" అన్నాడు ఇశ్రాయేలు. అన్నం తింటున్నాం అప్పుడు, నాచు పచ్చడితో. "అది ఒక్కసారి అడిగితేనే కడుపులో ఉన్నవన్నీ కక్కుతుంది కదండి. ముప్పై ఒకటి విసిరేసి, ఆఖర్ది ఒక్కటీ పెడితే?"

నేను ఎంగిలి చేత్తోనే అతని తల నిమిరాను. అతను తిట్టుకున్నాడు గానీ, ఏమి మాట అది! ఒప్పందంలో ఒక వరుస చేర్చాం. ‘పెట్టు’ తిరిగొచ్చేసరికి, అంతకుముందు విసిరినవన్నీ కూడా చేరి ఉండాలి. నడిమి తెప్ప చిప్పుకి, ముందువి చేరేదాకా తర్వాతిది కదలకుండా, అడ్డుకట్ట వేసి అదే మాట ఇప్పించాం. పెద్ద తెప్పలో చెయ్యాల్సిందేమీ లేదు, అయినా రాశాం. కింద చిప్పు ఏదైనా ‘పెట్టు’ ఇచ్చే మాట ఒక్కటే.

చిన్న తెప్పలో ఇప్పుడు తొమ్మిది సెకన్లు.

19వ రోజు

ఇది కూడిక అయ్యాక రాస్తున్నాను. 

పొద్దున పదింటికే ఆకాశం సీసం రంగుకి తిరిగింది. చిన్న తెప్ప పక్కన ఇరవై పడవలు కట్టి ఉంచారు. జనమంతా మూటలతో పైకి వచ్చి నిలబడ్డారు. తాళ్ళు కోసే మనుషులు గొడ్డళ్ళతో చెరో కొసనా ఉన్నారు. నేనూ సూర్యారావుగారూ ఇశ్రాయేలూ నడిమి తెప్ప మీద ఉన్నాం. నూకరత్నం తన తొట్ల గదిలో, చేతులు కట్టుకుని. ఏ బొత్తామూ ముట్టుకోకూడదు. ఎవరూ మీటరు చూడకూడదు, చూస్తే మా ‘పెట్టు’ పనిచేసిందో, వాళ్ళ అలవాటు పనిచేసిందో తెలీదు.

"కష్టంగా ఉందండి," అంది లైనులో.

"నాకు మాత్రం సుఖంగా ఉందేంటి," అన్నాను.

మీట నొక్కాను. పెద్ద తెప్ప అంచు మెల్లగా దిగి నిలబడింది. నడిమి తెప్ప లేచింది. చిన్న తెప్ప మూడు బెత్తెలు కిందుంది. ముప్పై ఒక్క అంకెలు విసిరాం. అంచు బెత్తెడు లేచింది, ఆగింది. చివరి అంకె ‘పెట్టు’ దగ్గరికి వచ్చాం. వంతెన జవాబు తేవాలి.  సూర్యారావుగారి చెయ్యి పడవలవాళ్ళకీ గొడ్డలివాళ్ళకీ సైగ చెయ్యడానికి సగం లేచి ఉంది.

జవాబు వచ్చింది.

చిన్న తెప్ప ఒక్క ఊపున లేచి, నడిమి తెప్ప అంచుకి అంచు పెట్టి నిలబడింది. కొక్కేలు ఒకదాని వెనక ఒకటి దడదడా పడ్డాయి, ఇరవై నాలుగూ. మా కాళ్ళ కింద నేల ఒకసారి ఉలిక్కిపడి, ఆ తర్వాత మూడు తెప్పలూ ఒకే ఊపులో ఊగడం మొదలుపెట్టాయి. అంతవరకూ ఎప్పుడూ అలా ఊగలేదు. ఇశ్రాయేలు "స్తోత్రం! స్తోత్రం!" అని అరుస్తున్నాడు. నేను ఏమరిచానో నాకు గుర్తులేదు, మంచి మాటలైతే కావు.

సూర్యారావుగారు చెయ్యి దింపారు. తర్వాత నా వైపు తిరిగారు. గట్టిగా గాలొస్తే ఇది నిలుస్తుందా అని ఆయన అడగబోతున్నారని తెలుస్తోంది.

అంతలో లైనులో నూకరత్నం గొంతు. వెనకాల జనం గోలలో సరిగా వినబడటం లేదు, రెండుసార్లు అడిగించుకున్నాను.

"తాయారుగారూ, వెళ్ళిపోవాలేమోనని పొద్దుట్నుంచీ పొయ్యిలు ఆర్పేసి కూచున్నామండి. పిల్లలు ఆకలంటున్నారు. వెలిగించుకోమంటారా?"

పెద్దాయన్ని అడగాల్సింది. నేను అడగలేదు. "వెలిగించుకోండి," అని చెప్పేశాను.